మడుగులో తల్లి చేప

ఆ పొద్దున లింగస్వామి ఆలోచన చాలా చిన్నది. జనం రాకముందే వెళ్లి, మడుగు నడుమ ఉన్న తుమ్మకంపను గుట్టుగా లాగి అవతల పారేయాలి. కానీ అతను గట్టు దిగేసరికే వాడలో చాటింపు వేసే పెద్దులు డప్పు కొట్టేశాడు. వాడకట్టంతా గంపలతో వచ్చేసింది.

డిండి వాగులో ఆ మడుగుకు లింగస్వామి కాపరి. ఏడాదికి ఒక్కనాడే, ఎండలు ముదరకముందు, అందరూ కలిసి అక్కడ చేపలు పడతారు. అదీ ఇంటికో గంపెడు ఒండ్రు తీసి గట్టున పోశాకే. గుడ్లతో ఉన్న తల్లి చేప దొరికితే పసుపు పెట్టి మళ్లీ నీళ్లలో వదులుతారు. పోయిన వానకాలం దొర గడీ జవాన్లు వేళాపాళా లేకుండా వలలు వేస్తుంటే లింగస్వామికి కడుపు మండింది. ఎవరికీ చెప్పకుండా నడుమ కంప వేశాడు. వాళ్ల వలలు చిరిగాయి, రాకడ ఆగింది. అయితే నలుగురికీ చెప్పకుండా మడుగులో పుల్ల వేసినా కాపరితనం పోతుంది. పైగా ఈ ఏడు ఊట సన్నగిల్లింది. అది ఎండితే తాగే నీళ్లకు ఆడవాళ్లు రెండు క్రోసులు నడవాలి. అందుకే ఆ రోజు ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు.

ఒండ్రు తీశాక పెద్దులు వల విసిరాడు. లాగితే రాలేదు. కంపకే చిక్కిందని లింగస్వామికి తెలిసిపోయింది. నోటికొచ్చింది అనేశాడు.

"తల్లి చేపేమో. జర ఇడిచిపెట్టు."

వదిలేస్తారనుకున్నాడు. పెద్దులు వలకు దండం పెట్టాడు. వాడలో పెద్దది ఈదమ్మ పసుపు తెప్పించింది. ఇస్రాయేలు తలపాగా తీసి ప్రార్థన చేశాడు. చిక్కిన తల్లిని అలా వదిలేస్తే చస్తుందని, విడిపించే పంపాలని అందరూ ఒక్కమాట మీద నిలిచారు. విడిపించబోయిన రెండో వల చిక్కుకుంది, దానికోసం వేసిన మూడోదీ అంతే. చివరికి మోటతాడు కట్టారు. కాపరి కదా అని తాడు ముందు కొస లింగస్వామి చేతికే ఇచ్చారు.

"మెల్లగ లాగుండ్రి, తల్లికి నొస్తది," అంది ఈదమ్మ.

యాభై మంది మెల్లగా లాగారు. బండెడు కంప బురదతో సహా పైకి వచ్చింది. దాన్ని కలిపి కట్టిన గుడ్డను లింగస్వామి భార్య జంగమ్మ దగ్గరికెళ్లి చేత్తో తుడిచింది. ఆకుపచ్చ చీర, పసుపు అంచు. తన దండెం మీదినుంచి పొరుగింటి సుక్కమ్మే తీసిందని జంగమ్మ ఆమెతో మాట్లాడటం మానేసింది ఈ చీర గురించే.

"ఏడు నెలలు, జంగమ్మా," అంది సుక్కమ్మ మెల్లగా. "నా మొకం సూడకపోతివి."

జంగమ్మ తల దించుకుంది. లింగస్వామికి అంతకన్నా సిగ్గేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"జవాన్లకు అడ్డమని ఏసిన. ఊటకే అడ్డమైతదని ఎరుగ. కాపల ఎవలకిస్తరో మీ ఇష్టం."

కంప లేచిన చోట తెల్లటి ఇసుక కదిలింది. మూసుకుపోయిన ఊట బుడబుడమంటూ పైకి పొంగింది. కంపలో దాక్కుని పెరిగిన చేపలు మోరలెత్తి తిరగసాగాయి. సుక్కమ్మ ఒంగి ఒక దోసెడు నీళ్లు తాగి, రెండో దోసెడు జంగమ్మకు పట్టింది.

పెద్దలు కూర్చుని తీర్పు చెప్పారు. కాపరితనం లింగస్వామికే ఉంటుంది. చేపలకు దాపు, జవాన్లకు అడ్డు కనుక ఏటా కంప వేయాల్సిందే, కాకపోతే ఊట ఉన్న నడుమ కాదు, అంచుల్లో, అందరికీ చెప్పి.

కట్టడానికి చీర మాత్రం ఇంట్లో అడిగి తెచ్చుకోవాలి.