అప్పలసూరి వాటా ఏడుపు

భార్య నూకరత్నం పెద్దకర్మ అయిన మర్నాటినుంచి అప్పలసూరి ఏడుపు ఎదుటివాళ్ళ కళ్ళల్లోంచి రావడం మొదలుపెట్టింది. అతని కళ్ళు మాత్రం పొడిగా ఉండేవి. ఇలాంటివి ఊళ్ళో అక్కడక్కడా జరిగేవే కాబట్టి ఎవరూ నోరు వెళ్ళబెట్టలేదు.

ఆఫీసులో పక్క సీటు గుమాస్తా రోజుకి రెండుసార్లు ఏడ్చేవాడు. ఎదుటి సీటావిడ అప్పలసూరి క్యారేజీ విప్పే వేళకి ఏడ్చేది. నూకరత్నం కట్టిన క్యారేజీలో ఉల్లిపాయ ముక్క విడిగా కాగితంలో చుట్టి ఉండేదని ఆవిడకేం తెలుసు, పాపం! ఇద్దరూ ముక్కు చీదుకుని మళ్ళీ ఫైళ్ళు చూసుకునేవారు. నెలాఖరుకి సూపరింటెండెంటు కామేశ్వరి గారు మెమో ఇచ్చారు.

"సొంత పనులు స్టాఫ్ చేత చేయించకూడదని రూలుంది సూరిగారూ. ఇదీ సొంత పనే కదండీ," అన్నారావిడ, కాగితం తడవకుండా దూరంగా పట్టుకుని, కళ్ళు ఒత్తుకుంటూ.

మెమోకైతే సంజాయిషీ రాసి పారేయొచ్చు. ఇంట్లో ఏం రాస్తాడు? ఇంట్లో ఎదుటి మనిషంటే పదేళ్ళ కూతురు జోషిత ఒక్కర్తే.

"నాన్నా, ఇది నీదా, నాదా?" అని అడిగింది ఓ పొద్దున్న, తండ్రి జడ వేస్తుంటే అద్దంలోంచి చూస్తూ, చెంప తుడుచుకుని.

"నాదేనమ్మా."

"అయితే సరే. నాది ఇందాకే అయిపోయింది."

అప్పలసూరికి సిగ్గుతో చచ్చినంత పనైంది. మనసు డాక్టరు దగ్గరికెళ్ళి తన వాటా తను వెనక్కి తెచ్చుకోవాలని ఆ పూటే నిశ్చయించుకున్నాడు.

అయితే ఎవర్ని అడుగుతాడు? అడిగితే సాయంత్రానికల్లా 'సూరికి పిచ్చట' అని బజారంతా పాకుతుంది. పన్ను పీకించుకోవాలని చెప్పి విశాఖపట్నం బస్సెక్కాడు. వీధులన్నీ తిరిగి తిరిగి చివరికి ఒక ఆసుపత్రి పట్టుకున్నాడు. దాని గుమ్మం జిరాక్సు షాపు లోపల ఉంది. హాల్లో పద్నాలుగు కుర్చీలూ రోగుల సౌకర్యార్థం గోడవైపు తిప్పి ఉన్నాయి. దరఖాస్తులో 'రోగి పేరు' దగ్గర అతని పెన్ను ఆగిపోయింది. పక్కాయన కాగితంలోకి ఓరగా చూస్తే 'మా తోడల్లుడు' అని ఉంది. దాంతో ధైర్యమొచ్చి, బొబ్బిలిలో ఉన్న బావమరిది ఎర్రినాయుడి పేరు రాసేశాడు.

డాక్టరమ్మ అరగంట విన్నది. అరగంటా అప్పలసూరి ఏడుపు ఏడ్చింది. తర్వాత దరఖాస్తు మీద ముద్ర గుద్ది, తగ్గిపోతుందని చెప్పి పంపింది.

తగ్గింది కూడా. మూడో రోజు ఎర్రినాయుడు ఫోన్ చేశాడు.

"బావా, ఏటోగాని, అక్క ఫోటో సూసినా నాకేటీ అనిపించట్నేదు. దండ మార్సడం కూడా మర్సిపోనాను. నానేటి మనిసిని బావా?"

"ఎండల వల్లేమోరా," అన్నాడు అప్పలసూరి. అని, ఫోన్ పెట్టేసి, తన మొహం తనే చూసుకోలేక అద్దం మీద తువ్వాలు కప్పాడు.

మళ్ళీ బస్సెక్కి వెళ్ళి, తన పేరుకి బదులు బావమరిది పేరు పడిందని చెప్పుకున్నాడు.

"దానిదేముందండీ, దిద్దేస్తాం," అంది కౌంటరులో అమ్మాయి, ముక్కు ఎగబీల్చి. "'ఏడుపు నాదే' అని రాసి, మీ ఆఫీసరు చేత సంతకం పెట్టించుకు రండి. మీ బావమరిది ఏడుపు ఆయనకి వెనక్కిచ్చేస్తాం. ఇంతవరకూ ఎవరూ తేలేదనుకోండి."

ఆ కాగితం రాసుకుని కామేశ్వరి గారి బల్ల ముందు రెండుసార్లు నిలబడ్డాడు. "ఏంటి సూరిగారూ?" అని ఆవిడ అడగ్గానే రెండుసార్లూ, పన్ను నొప్పి, ఒంటిపూట సెలవు కావాలన్నాడు. ఆవిడ ఏడుస్తూనే మంజూరు చేశారు. కాగితం జేబులోనే మాసిపోయింది.

మూడో మాసికానికి చుట్టాలొచ్చారు. ఎర్రినాయుడు వడలు బాగున్నాయని మరో రెండు వేయించుకున్నాడు.

"మా సూరి సూడండి, ఒక్క సుక్క కారిస్తే ఒట్టు! మగోడంటే అలాగుండాల," అన్నాడు అతని పెదనాన్న, అందరికీ వినపడేలా, ధారగా ఏడుస్తూ.

అప్పలసూరి తల దించుకున్నాడు. దాన్ని వినయం అనుకున్నారు.

చుట్టాలు వెళ్ళాక జోషిత బల్ల మీద రెండు చేతిరుమాళ్ళు ఆరేసింది. ఒకదాని మూల 'నా' అనీ, రెండోదాని మూల 'నాన్న' అనీ దారంతో కుట్టుకుంది. రెండోది ఇంకా నీళ్ళోడుతోంది.

"నాన్నా, నీకీ రుమాలు చాలట్లేదు. ఇప్పుడు స్కూల్లో కూడా నీదే వస్తోంది. రేపట్నుంచి తువ్వాలు పట్టుకెళ్తాను. టీచర్ పర్లేదన్నారు."

అప్పలసూరి అద్దం మీది తువ్వాలు తీసి, ఉతికి, ఇస్త్రీ చేసి, మడత నలక్కుండా ఆమె స్కూలు సంచిలో పెట్టాడు.