మాగిన దరఖాస్తు

మా పెన్యాసెకా పురపాలక సంఘం ఏ దరఖాస్తునైనా ఐదేళ్లు నిండాకే పరిశీలిస్తుందని ఇందుమూలంగా తెలియజేయడమైనది. దీన్ని నిర్లక్ష్యం అనేవాళ్లున్నారు. వాళ్లు మా రియోహా వైను సీమవాళ్లు కారు.

ఇక్కడ పుట్టిన ప్రతివాడికీ తెలుసు: మేలైన ఎర్ర వైను రెండేళ్లు ఓక్ పీపాలో, మూడేళ్లు సీసాలో, నేలమాళిగ చీకట్లో మాగాలి. మా మేయరు ఔరెలియో గారు ద్రాక్షపుల్లల నిప్పుల మీద కాల్చిన గొర్రె పక్కటెముకలు నములుతూ ఈ సత్యాన్ని కూడా బాగా నమిలి, కోతల పండుగ వేదిక మీద ప్రసంగించారు.

"ప్రజలారా! ద్రాక్షకే అంత ఓపికుంటే మనకెంత ఉండాలి? తొందరపడి సంతకం పెట్టడం, పచ్చి రసం తాగడం ఒకటే. రెండింటికీ కడుపునొప్పే! ఇకనుంచి మన ఊళ్లో ప్రతి కాగితం ఓక్ అయ్యాకే ఓకే!"

చప్పట్లు మోగాయి. ముందు కొట్టింది నేనే. సంఘం కార్యదర్శిని కదా, అది నా విధి.

ఆ వారమే ఆఫీసు బీరువాలు బయటికీ, ఆరు పీపాలు లోపలికీ వెళ్లాయి. వచ్చిన కాగితాన్ని వచ్చినట్టే చుట్టచుట్టి పీపాలో వేసేవాళ్లం. రెండేళ్లకు తీసి సీసాలో దూర్చి, బిరడా కొట్టి, లక్క పోసి, అడ్డంగా పడుకోబెట్టేవాళ్లం. ఆరు నెలలకోసారి కొవ్వొత్తి వెలుగులో ఒక పీపాలోవి ఇంకో పీపాలోకి మార్చేవాళ్లం. తక్కిన ఊళ్లలో దీన్నే ఫైలు కదలడం అంటారట.

ఫలితాలు అమోఘం. ఫెర్మీన్ పెళ్లి నమోదు కాగితం మాగి బయటికొచ్చేసరికి అతని కొడుకే సాక్షిగా వేలిముద్ర వేశాడు. కొట్టం తగలబడుతోందని ఒకాయన ఇచ్చిన ఫిర్యాదు ఐదేళ్లకు తెరిస్తే ఇంకా పొగ వాసన ఘుమఘుమలాడింది. ఓక్ గుణమే అది!

ఒక్క కసిల్దాకే ఇవేవీ రుచించలేదు. సరిగ్గా మా ఆఫీసు కిందే ఆమె నేలమాళిగ. భర్త ఎవారిస్తో చనిపోయే ముందు తన చేతులతో తీసిన ఆఖరి వైను, నూట నలభై సీసాలు, అందులో ఉంది. పైనున్న మా బరువు మోసే దూలం చిట్లింది. అనుమతి లేకుండా అందులో మేకు కొట్టినా మాళిగకు సీలే.

"ఏవయ్యా కార్యదర్శీ, దూలం పగిలిందయ్యా! వడ్రంగి రేపే కొత్తది వేస్తానంటున్నాడు. ఇదిగో దరఖాస్తు, ఒక్క ముద్ర కొట్టు, చాలు."

"కొడతాం కసిల్దమ్మా. ఐదేళ్లు ఓపిక పట్టు."

"ఆ మాట నాకు కాదు నాయనా, దూలానికి చెప్పు."

లోపలినుంచి మేయరు గారు కలగజేసుకున్నారు. "మీ ఆయన వైనుకు లేని తొందర నీకెందుకమ్మా?"

"ఆ వైను కింద పడుకుని ఉంది మేయరు గారూ. మీరు దాని నెత్తిన కూర్చుని ఉన్నారు. అదే నా భయం."

ఆమె మాళిగలోకి దిగి సీసాలన్నీ అవతలి గోడకు, ఇనప కటకటాల వెనక్కు చేర్చి తాళం వేసుకుంది. దానికి మా అనుమతి అక్కర్లేదు మరి.

నాలుగో ఏట కింద దూలం మూలుగుతోందని ఒక సభ్యుడు సమావేశంలో అన్నాడు. 'మాగుతోంది' అని మేయరు గారు సరిదిద్దారు. అలాగే రాసుకున్నాను.

ఐదేళ్లు నిండాక ఆమె దరఖాస్తును లాంఛనంగా తెరిచాం. మేయరు గారు కాగితాన్ని ముక్కుకు ఆనించి కళ్లు మూసుకున్నారు. "ఆహా! వెనిల్లా! పాత తోలు! చివర్లో కొంచెం లవంగం!" నాకు బూజు వాసన వచ్చింది. లవంగం అని రాశాను.

"అనుమతి మంజూరు!" అంటూ మేయరు గారు చెయ్యెత్తి ముద్రను బల్ల మీద గట్టిగా గుద్దారు.

దూలం విరిగింది. మాకు దూల తీరింది. మేయరు గారు కుర్చీ, బల్ల, పీపాలతో సహా నేలమాళిగలోకి దిగిపోయారు. నేను గుమ్మం దగ్గర ఉన్నాను. కార్యదర్శులెప్పుడూ గుమ్మం దగ్గరే ఉంటారు.

ఆయనకు గీత కూడా పడలేదు. సీసాలకూ అంతే. మెట్లు మాత్రం రాళ్లతో పూడుకుపోయాయి. గాలి కన్నంలోంచి కసిల్దాయే రోజూ రొట్టె, బంగాళదుంపల పులుసు, చెంబుడు నీళ్లు తాడు కట్టి దించుతోంది.

"కసిల్దా, ఈ నీళ్లు గొంతు దిగడం లేదు. ఒక్క సీసాకి తాళం తియ్యి తల్లీ!"

"దరఖాస్తు పెట్టుకోండి మేయరు గారూ."

రాళ్లు తీయడానికి మేమూ దరఖాస్తు పెట్టాం. కొత్త పీపాలో ఉంది.

ఈలోగా ఎన్నికలొచ్చాయి. పోటీకి నిలబడినవాడు, గెలిస్తే అన్ని పనులూ వారంలో చేస్తానన్నాడు. "ఇంకా పచ్చి సరుకు" అని జనం పెదవి విరిచారు. నేలమాళిగలో మాగుతున్న నాయకుడు మాకు తప్ప ఎవరికున్నాడు? ఔరెలియో గారు మునుపెన్నడూ లేనంత మెజారిటీతో గెలిచారు. "నేనూ ఆయనకే వేశా, అక్కడే ఉండనీ" అంది కసిల్దా. తక్కిన వాళ్లం మాత్రం మనస్ఫూర్తిగానే వేశాం.

ఓట్లు ఆ సాయంత్రమే లెక్కపెట్టేశాం. మా ఊళ్లో క్షణం కూడా మాగనివ్వకుండా వాడేసేది అదొక్కటే.