మార్కండేయులు కారుకు సరిపోయే బ్రేకు

విజయదశమి మర్నాడు ఉదయం తొమ్మిది గంటలకు చిట్టూరి మార్కండేయులు తన ఇంటి ముందు కారు బ్రేకు తొక్కాడు. కారు ఆగలేదు. ఇంజను ఆపి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. అప్పుడూ ఆగలేదు. ఆ తర్వాత కూడా ఆగలేదు.

అతను టైర్లకు గాలి పట్టించుకుని తిరిగి వస్తున్నాడు. భార్య హైమావతి చేతిసంచితో గేటు దగ్గర నిలబడి ఉంది. ఆమెను కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కారు ఆమె ముందు నుంచి, మనిషి నడక కంటే కాస్త ఎక్కువ వేగంతో వెళ్లిపోయింది. ఆ రోడ్డు పాత జైలు చుట్టూ తిరిగి మళ్లీ అదే గేటు దగ్గరికి వస్తుంది. కారు కూడా వచ్చింది. మళ్లీ వెళ్లింది.

రెండోసారి వచ్చినప్పుడు హైమావతి అడిగింది. "ఎక్కడికండీ?"

"ఆగట్లేదు."

మూడోసారి వచ్చినప్పుడు, "మరి ఎప్పుడాగుతుందట?" అంది.

"కనుక్కుంటా."

మెకానిక్ ఖాజావలి స్కూటరు మీద వచ్చి, కారు పక్కనే నడుపుతూ, వంగి కిందకి చూశాడు. వెనక చక్రం దగ్గర బ్రేకు సిలిండరు పోయిందని చెప్పాడు.

"ఇంజను ఆపేశానయ్యా. అయినా ఎట్లా పోతోంది?" అన్నాడు మార్కండేయులు.

"ఆపే సామాను లేనప్పుడు బండి ఎట్టా ఆగుద్ది సార్?"

దీని మీద ఎవరికీ అభ్యంతరం కనిపించలేదు. పెట్రోలు ఖర్చు లేదు కదా అని పక్కింటివాళ్లు అన్నారు.

మార్కండేయులు దిగడానికి వీల్లేదు. స్టీరింగు వదిలితే కారు మలుపు దగ్గర ఆసుపత్రి గోడలోకి వెళ్తుంది. నడుస్తున్న బండిలో డ్రైవరు మారడానికి నిబంధన లేదని ట్రాఫిక్ వాళ్లు చెప్పారు. హైమావతి ఆటోలో ఆసుపత్రికి వెళ్లింది. కంట్లో నీటి ఒత్తిడి పెరుగుతోందని, కార్తీకం దాటితే పోయిన చూపు తిరిగి రాదని డాక్టరు చెప్పాడు. ఆపరేషను చేయాలంటే రోగి తరఫు మనిషి ఒకరు బయట బల్ల మీద కూర్చోవాలి. ఆమె తరఫున భర్త తప్ప ఎవరూ లేరు. ఆయన రోజంతా ఆసుపత్రి ముందు నుంచే వెళ్తుంటారు, కూర్చునే ఉంటారు అని ఆమె చెప్పింది. కూర్చోవాల్సింది బల్ల మీద అని ఆసుపత్రి వాళ్లు చెప్పారు.

కాబట్టి సరైన బ్రేకు కావాలి.

ఆ కారు పందొమ్మిది వందల అరవై ఒకటో సంవత్సరానిది. ఆ ఏడాది మధ్యలో కంపెనీ బ్రేకు మార్చింది. అంతకు ముందు చేసిన కార్లకు బిగించే చోట అంగుళాల మర, తర్వాత చేసిన వాటికి మిల్లీమీటర్ల మర. పైకి రెండూ ఒకటే. ఏది కావాలో కంపెనీ వేసిన కారు నంబరును బట్టి తెలుస్తుంది. నంబరు బానెట్ కింద ఒక ఇత్తడి రేకు మీద ఉంటుంది. నంబరు చూడకుండా సామాను బిగించడాన్ని విడిభాగాల గుర్తింపు కార్యాలయం ఒప్పుకోదు. తప్పు బ్రేకు బిగిస్తే వేరే కారు ఆగే ప్రమాదం ఉందని కార్యాలయం వివరించింది. ఖాజావలి వినకుండా తన దగ్గరున్నదొకటి సర్దుబాటు చేసి బిగించాడు. మార్కండేయులు తొక్కాడు. రైతుబజారు దగ్గర ఒక పాలవ్యాను ఆగిపోయింది. వ్యాను డ్రైవరు ఫిర్యాదు ఇచ్చాడు. ఖాజావలి సామాను విప్పేశాడు.

గుర్తింపు అధికారి కొత్తలంక భానుమూర్తి పరిశీలనకు వచ్చాడు. నడుస్తున్న కారు మడ్‌గార్డు మీద కూర్చుని బానెట్ ఎత్తాడు. రోడ్డు కనపడదు కాబట్టి ఒక కానిస్టేబులు టాపు మీద కూర్చుని "కుడి, కుడి, ఇక చాలు" అని చెబుతూ వచ్చాడు. రేకు దొరికింది. నంబరు దొరకలేదు. రేకు మీద వేలెడు మందాన పసుపూ కుంకుమా నూనెతో కలిసి గట్టిపడి ఉన్నాయి.

భానుమూర్తి గేటు దగ్గర దిగాడు.

"ఇక్కడ బొట్టు పెట్టిందెవరమ్మా?"

"నేనే. ఏటా ఆయుధపూజకు పెడతాను. మాకంటే ముందు కొన్నవాళ్లు కూడా పెట్టుకున్నారు" అంది హైమావతి.

"అంత కారుండగా నంబరు మీదే పెట్టాలా?"

"పేరు రాసి ఉన్న చోటే కదండీ నుదురు. మీరైతే ఎక్కడ పెడతారు, పొగగొట్టానికా?"

భానుమూర్తికి గీకే అధికారం లేదు. సంప్రదాయ వ్యవహారాల కమిటీకి రాశాడు. పూజలో పెట్టిన బొట్టును కార్యాలయం తుడవరాదని, పెట్టినవారే తుడవవచ్చని కమిటీ చెప్పింది. ఆమెను మడ్‌గార్డు మీదకు ఎక్కించే బాధ్యత కానిస్టేబులు తీసుకున్నాడు. హైమావతి కదల్లేదు.

"మొగుడు లోపల కూర్చుని ఉండగా నా చేత్తో నేను బొట్టు తుడవనా? మీ ఆవిడ తుడుస్తుందా?"

భానుమూర్తి ఇంటికి వెళ్లి అడిగాడు. వాళ్లావిడ ఆ రాత్రి అతనికి అన్నం పెట్టలేదు. ఈ సంగతి కూడా జతచేసి కమిటీకి మళ్లీ రాశాడు. జవాబు త్వరగానే వచ్చింది. భర్త మరణానంతరం సదరు బొట్టు తుడవడానికి కమిటీకి అభ్యంతరం లేదు. దాని నకలు మార్కండేయులుకు కిటికీలోంచి అందించారు. అతను చదివి, మడిచి, అద్దం కింద పెట్టాడు.

"దారి చూపించారు, సంతోషం" అన్నాడు.

కార్తీకం దాటింది.

రోజూ మధ్యాహ్నం హైమావతి గేటు దగ్గర నిలబడి క్యారియరు కిటికీలో పెడుతుంది. తర్వాతి చుట్టులో ఖాళీది తీసుకుంటుంది. మొదట్లో కారును దూరం నుంచే పోల్చుకునేది. తర్వాత నలుపు రంగును బట్టి పోల్చుకునేది. తర్వాత "హైమా" అన్న పిలుపును బట్టి.

"పులుసులో ఉప్పు ఎక్కువైంది" అన్నాడొకసారి మార్కండేయులు.

"డబ్బా కనపడితేగా కొలత తెలిసేది. తినండి."

ఆ రోడ్డు మీద దాటిపోయేంత వెడల్పు లేదు. మార్కండేయులు వెనక ఒక తెల్ల కారు, దాని వెనక ఇంకోటి, అలా అన్నీ అతని వేగంతోనే నడవసాగాయి. ఎవరూ ఆగనవసరం లేకపోవడంతో రోడ్డు బాగుందని జనం అనుకున్నారు. సిగ్నలు దీపాలు విప్పేశారు. పిల్లలకు పరుగెత్తి రోడ్డు దాటడం బడిలో నేర్పారు. బస్సులు ఆగకుండానే ఎక్కించుకుని దించసాగాయి. అదేమీ కొత్త కాదు.

పురపాలక సంఘం పిలుపు ఇచ్చింది. ఆగే పని లేని కార్లకు బ్రేకులెందుకు, మార్కండేయులుగారికి ఏదో ఒకటి సరిపోవచ్చు కదా అని. జనం ఉత్సాహంగా ఇచ్చారు. ఖాజావలి చక్రాల పలక మీద పడుకుని కార్ల కిందకి దూరి సామాను విప్పాడు. ఇచ్చినవాళ్లకు శాలువాలు కప్పారు, అవి కూడా కిటికీల్లోంచే. తెల్ల కారు డ్రైవరు అందరికంటే ముందు ఇచ్చాడు. మార్కండేయులు పడే అవస్థ వెనక నుంచి రోజూ చూస్తున్నది అతనే.

సామాను ఖాజావలి కొట్టు ముందు గుట్టగా పడింది. నంబరు తెలియదు కాబట్టి ఏదీ బిగించలేదు.

మార్గశిరంలో తుఫాను పట్టింది. ఎత్తి దించి, ఎత్తి దించి బానెట్ గొళ్లెం అరిగిపోయింది. గాలికి మూత లేచింది. వాన రేకు మీద పడింది. కారు ముందు భాగం నుంచి ఎర్రనీళ్లు కారుతుంటే మార్కండేయులుకు దెబ్బ తగిలిందని రోడ్డు పక్కవాళ్లు అనుకున్నారు. వాన తుడిస్తే దైవికమేనని కమిటీ ధ్రువీకరించింది. భానుమూర్తి నంబరు చదివాడు. మిల్లీమీటర్ల మర. గుట్టలో వెతికితే ఆ మర ఉన్న సిలిండరు ఒక్కటే దొరికింది. అది గుట్ట అట్టడుగున ఉంది, అందరికంటే ముందు ఇచ్చిన తెల్ల కారుది.

ఖాజావలి మళ్లీ పలక మీద పడుకున్నాడు. పలకను కారుకు తాడుతో కట్టారు. గేటు దగ్గర మొదలుపెట్టి ఆసుపత్రి మలుపు దగ్గర బిగించడం పూర్తి చేశాడు. కింద నుంచే అరిచాడు.

"కూర్చుంది సార్! పుట్టినింటికి వచ్చినట్టు కూర్చుంది! తొక్కి చూడండి!"

మార్కండేయులు కాలు పెట్టాడు. బ్రేకు గట్టిగా తగిలింది.

పక్కనే స్కూటరు మీద వస్తున్న భానుమూర్తి చెయ్యెత్తాడు.

"తొక్కకండి మార్కండేయులుగారూ!"

"ఇది సరైనదేనా?"

"సరైనదే. గుర్తించాం, ఆమోదించాం. తొక్కకండి."

"ఎందుకండీ?"

"వెనక చూడండి."

మార్కండేయులు అద్దంలో చూశాడు. తెల్ల కారు అతని వెనకే ఉంది. దాని వెనక కార్లు జైలు గోడ చుట్టూ తిరిగి అతని ముందు వరకు ఉన్నాయి. ఏ కారుకూ బ్రేకు లేదు.

"వాళ్లవి వాళ్లకు తిరిగి ఇచ్చేయండి" అన్నాడు.

"ఎవరిది ఏదో తెలియాలి కదా. గుట్ట కలిసిపోయింది. ఒక్కో కారు నంబరు చూసి గుర్తించాలి."

"చూడండి మరి."

"చూశాం. అన్నిటికీ బొట్లున్నాయి."

తెల్ల కారు వెనక సీట్లో డ్రైవరు కూతురు పడుకుని నిద్రపోతోంది. మార్కండేయులు బ్రేకు మీద నుంచి కాలు తీశాడు. గేటు వచ్చింది. హైమావతి గేటు చువ్వ పట్టుకుని నిలబడి ఉంది.

"దొరికిందటగా?" అంది.

"దొరికింది. బిగించారు కూడా."

"మరి?"

కారు ముందుకు వెళ్లిపోయింది. తర్వాతి చుట్టుకు ఆమె లోపలికి వెళ్లింది.

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. మార్కండేయులు కారుకు బ్రేకు ఉన్నట్టు నమోదు చేశారు. ఫిర్యాదు పరిష్కారమైనట్టు ముగించారు. వెనక ఉన్న వాహనాలన్నిటికీ సరైన బ్రేకులు గుర్తించేవరకు దానిని తొక్కడం నేరం. అదే రోజు ఆసుపత్రి కూడా హైమావతి పేరు ఆపరేషను వరస నుంచి తీసేసింది. ఇక ఆపరేషను అవసరం లేదని ఆసుపత్రి పంపిన కాగితంలో ఉంది.

మర్నాడు మధ్యాహ్నం హైమావతి క్యారియరుతో గేటు దగ్గర నిలబడింది. మార్కండేయులు "హైమా" అని పిలిచాడు. పాలవ్యాను హారను మోగుతోంది. నల్ల కారు వెళ్లిపోయింది. ఆమె చెయ్యి చాచి తర్వాతి కారు కిటికీ అంచు తడిమి, క్యారియరు లోపల పెట్టింది.

"ఉప్పు తగ్గించానండీ" అంది.

తెల్ల కారు డ్రైవరు "ఆఁ" అన్నాడు.

తర్వాతి చుట్టులో ఖాళీ క్యారియరు ఆమె చేతికి వచ్చింది.