పరిశోధకులు రాని వాడ కూడా ఒక వాడేనా?

పరిశోధకులు ఇంటి మీద పడటాన్ని మించిన అదృష్టం మనిషికి ఇంకోటి లేదు. కాదనేవాళ్లు మా ఆల్తో పుక్యోకు వచ్చి ఒక వారం ఉండి చూడండి. వారం పూర్తయ్యేలోపు మిమ్మల్ని కూడా ఎవరో ఒకరు ఇంటర్వ్యూ చేసి వెళ్లిపోతారు.

లీమాకు అవతల, మంతారో లోయలో పట్నం కొండ మీదికి ఎగబాకుతూ ఆయాసపడి ఆగిన చోటే మా వాడ. పక్కనే లోతైన వాగు. ఎండాకాలం అందులో కుక్కలు నిద్రపోతాయి. జనవరిలో మాత్రం అది మంచమంత రాళ్లను దొర్లించుకుంటూ దిగుతుంది. భూగోళ శాస్త్రానికి ఇంతకన్నా ఏం కావాలి? పట్టణ విస్తరణ కావాలా, ఉంది. ప్రమాదం కావాలా, దండిగా ఉంది. సుస్థిర అభివృద్ధి ఒక్కటే కాస్త కొరత. దాన్ని వచ్చేవాళ్లే సంచుల్లో వేసుకుని తెచ్చుకుంటారు.

వాళ్ల వల్ల ఒరిగిందేమిటని అడుగుతారా? మా కుక్కలు ఇప్పుడు తెల్లవాళ్లను చూసి మొరగవు, కరెంటు బిల్లువాణ్ణి చూసే మొరుగుతాయి. నెత్తి మీద డ్రోన్ ఎగిరితే కోళ్లు తలెత్తి కూడా చూడవు. మా ముసలివాళ్లు ఇంటర్వ్యూకి ముందు గొంతు సవరించుకుని, “రికార్డర్ ఆన్ చేశావా, ఎర్ర లైటు వెలగట్లేదే?” అని వాళ్లకే గుర్తు చేస్తారు. ఏ కాలేజీ ఇస్తుంది ఇలాంటి చదువు?

అందరికన్నా ఎక్కువ భాగ్యం దోన్యా సతుర్నినాది. ఆమె పొద్దున్నే బస్సుల దగ్గర కినువా గంజి అమ్ముతుంది, మిగతా పొద్దంతా పరిశోధకులకు జవాబులు చెబుతుంది. ఎందుకంటే వాగు గట్టున ఆఖరి ఇల్లు ఆమెదే. పోయిన వానల్లో గినీ పందుల కొట్టం కొట్టుకుపోయింది. ఇప్పుడు వాగుకు మొదట తగిలేది ఆమె వంటింటి గోడే. మళ్లీ అలాంటి వాన వస్తే వంటిల్లు పోతుంది, వంటింటి వెనకే తక్కిన ఇల్లు. మా వాడ మీద గీసిన ప్రతి మ్యాపులోనూ ఆమె ఇల్లు ఎరుపే. ఒకరు రక్తం ఎరుపు వేశారు, ఇంకొకరు దానిమ్మ ఎరుపు వేశారు. అందులో బాగా కుదిరినదాన్ని ఆమె అద్దం కట్టించి కోచార్కాస్ మాత పటం పక్కన తగిలించింది.

ఒకసారి ఒక పరిశోధకురాలు ఆమెను అడిగింది, “వాన పడితే మీకు ఎంత భయం వేస్తుంది? ఒకటి నుంచి ఐదు లోపు చెప్పండి.”

“పగలు వానా, రాత్రి వానా?”

ఆ పిల్ల కాగితంలో పగలూ రాత్రీ వేరుగా లేవు. దాంతో మరుసటి ఏడాదికి ఇంకో పరిశోధన పుట్టింది!

వాగు గట్టుకు అడ్డుగోడ కట్టాల్సింది మునిసిపాలిటీ. కడతామనే అన్నారు. అధ్యయనం పూర్తి కానివ్వండి అన్నారు. న్యాయమే కదా? కాకపోతే ఒక చిన్న చిక్కు. అధ్యయనం పూర్తయ్యేలోపు మా పైన ఇంకో రెండు వీధులు మొలిచాయి. మ్యాపు పాతబడింది. మళ్లీ అధ్యయనం. అది పూర్తయ్యేలోపు ఆ వీధుల పైన ఇంకో వీధి. పట్నం ఎదుగుతూనే ఉంది, అధ్యయనం దాని వెనక పరిగెడుతూనే ఉంది. రెంటికీ ఆయుష్షు గట్టిదే. గోడకే పుట్టే యోగం లేదు.

ఇలా ఉండగా యోస్ట్ వచ్చాడు. హాలండ్ కుర్రాడు, పొడుగు మనిషి, మా గుమ్మాలన్నీ వాడి నుదుటికి పరిచయమే. ఒక పొద్దుటంతా సతుర్నినా వంటింట్లో కూర్చుని, ఆమె పోసిన మూడో గిన్నె గంజి కూడా తాగి, లేవబోతూ మర్యాదగా అన్నాడు.

“మీ దగ్గర తీసుకోవడమే కాదమ్మా, మీ సమాజానికి తిరిగి ఇవ్వాలన్నది మా పద్ధతి.”

వాడి ఉద్దేశం, రిపోర్టు అచ్చయ్యాక ఒక కాపీ పంపిస్తానని. సతుర్నినాకు ఆ భాష ఎలా తెలుస్తుంది? మా కొండల్లో తిరిగి ఇవ్వడమంటే ఐని. నువ్వు నా చేలో ఒక పూట దుంపలు తవ్వితే నేను నీ చేలో ఒక పూట తవ్వుతాను. పూటకు పూటే, కాగితంతో చెల్లదు.

“మంచి పిల్లాడివి నాయనా,” అంది. “నా పొద్దుట ఒకటి నీకిచ్చాను. ఆదివారం పొద్దుట నాకిచ్చెయ్. గోడ పనుంది.”

“గోడా?”

“మునిసిపాలిటీ వాళ్లు కట్టేలోగా మేమే రాళ్లు పేరుస్తున్నాం. పార నేనిస్తాలే. ఆ తెల్ల బూట్లు మాత్రం వేసుకురాకు.”

ఆదివారం వాడు నిజంగానే వచ్చాడు, ఆ తెల్ల బూట్లతోనే. ఇంటికొక మనిషి చొప్పున వంతుపనికి దిగిన మా వాళ్లతో కలిసి మధ్యాహ్నం దాకా రాళ్లు మోశాడు. అలుపు తెలియకుండా అందరితో పాటు నమిలిన కోకా ఆకు వాడి పళ్ల మధ్య ఇరుక్కుంటే ఆడవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు. సాయంత్రానికి నడుం పట్టేసింది. రాత్రికి దేశాంతరాల్లోని తన స్నేహితులందరికీ రాశాడట, ఇంత లోతైన పరిశోధన తన జన్మలో చేయలేదని!

అంతే, మా వాడ దశ తిరిగింది. ప్రతి విద్యార్థికీ మా రాళ్లు మోయాలనే కోరిక పుట్టింది. వాడ ప్రెసిడెంటు దోన్ తియోదోసియో ఊరుకుంటాడా? నియమాలు పెట్టాడు. చిన్న ప్రశ్నలకు చిన్న రాళ్లు. గుంపుగా కూర్చోబెట్టి మాట్లాడించేవాళ్లకు ఇసుక జల్లెడ. డ్రోన్ ఎగరేస్తే నీళ్లు మోయాలి. భయం గురించి అడిగేవాళ్లు మాత్రం ఇద్దరేసి కలిసి పునాది రాయి ఎత్తాలి.

“వదినా, మనకు ఈ భూగోళ శాస్త్రం ఇంకో రెండేళ్లు నడిస్తే చాలు,” అన్నాడు ఆయన గోడ చూసి మురిసిపోతూ.

“నా వంటిల్లు నడవకుండా ఉంటే చాలు ప్రెసిడెంటూ.”

గోడ లేచింది. పాఠకులారా, పరిశోధన వల్ల ప్రపంచంలో ఎక్కడైనా గోడ లేచిందా? మా దగ్గర లేచింది. ఒక్క మలుపు మిగిలింది, సరిగ్గా సతుర్నినా వంటింటి వెనక. అక్కడ నీళ్లు తిరిగి కొడతాయి కాబట్టి ఉత్త రాళ్లు ఆగవు. సిమెంటు కావాలి, ఇనుము కావాలి. అవి మునిసిపాలిటీ ఇవ్వాలి.

సరిగ్గా అప్పుడే కొత్త మ్యాపు వచ్చింది. అందులో మా వాడ పసుపు!

ప్రెసిడెంటూ సతుర్నినా కిందికి దిగి ఆఫీసుకు వెళ్లారు. బల్ల వెనక ఉన్న అధికారి చాలా మంచివాడు, ఇద్దరికీ కుర్చీలు వేయించాడు.

“మీకు అభినందనలు,” అన్నాడు. “అన్ని అధ్యయనాలూ ఒకే మాట చెబుతున్నాయి. మీది తట్టుకోగల సమాజం. మీ అంతట మీరే నిలబడగలరు. సిమెంటు ఎర్ర వాడలకు పోవాలి కదమ్మా.”

“మా ఇల్లు ఇంకా వాగు మీదే ఉందయ్యా. మలుపు అలాగే ఉంది.”

“మ్యాపులో లేదే.”

“ఒకసారి వచ్చి చూడరాదూ?”

“చూడటానికి ఏముందమ్మా? ఇన్ని అధ్యయనాలు ఉన్నాయి.”

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ప్రెసిడెంటు మెల్లగా అన్నాడు, “పోనీ కొంచెం గోడ పడగొడదామా వదినా? మళ్లీ ఎరుపైపోతాం.”

సతుర్నినా నవ్వలేదు. ఆయన ఎగతాళికి అనలేదని ఆమెకు తెలుసు.

వాడ పసుపెక్కాక విద్యార్థులు కూడా పక్క కొండకు వెళ్లిపోయారు. వాళ్లకు అక్కడ మంచి ఎరుపు దొరికిందట. నవంబరు దాటింది. మధ్యాహ్నమయ్యేసరికి మబ్బులు కొండ దిగి వచ్చి వంటింటి కిటికీలోంచి తొంగిచూడటం మొదలుపెట్టాయి.

సతుర్నినా ఇంటి డాబా మీద ఇటుకలున్నాయి, ఇనుప కడ్డీలున్నాయి, ఈమధ్యే తెచ్చిన సిమెంటు బస్తాలున్నాయి. కూతురు నెలిదా ఇద్దరు పిల్లలతో కింద పట్నంలో అద్దె గదిలో ఉంటూ బట్టలు కుడుతుంది. వాటితో లేపాల్సిన పై అంతస్తు ఆమె కోసం. ఒక శనివారం తల్లి కబురంపితే నెలిదా వచ్చి డాబా మీద నిలబడింది.

“అది నా గదమ్మా,” అంది.

“వంటిల్లు పోతే నీ గది దేని మీద నిలబడుతుందే?”

నెలిదా డాబా అంచుకు వెళ్లి కింద వాగు మలుపును చూసింది. తర్వాత వంగి మొదటి ఇటుక తనే ఎత్తింది. ఆదివారం వాడంతా దిగింది. క్రిస్మస్ లోపే మలుపు పూర్తయింది. జనవరిలో వాగు వచ్చింది, మలుపు దగ్గర తలబాదుకుంది, తిట్టుకుంటూ అవతలి పక్కకు తిరిగిపోయింది. వంటిల్లు నిలిచింది. నెలిదా అద్దె గదిలోనే ఉంది.

ఇంత జరిగాక కూడా పరిశోధన గొప్పతనాన్ని శంకించేవాళ్లున్నారా? ఏప్రిల్‌లో లీమా నుంచి ఒక అమ్మాయి వచ్చింది. పట్టణాలు నిలువుగా ఎలా పెరుగుతాయన్నది ఆమె విషయం. వీధిలో అన్ని ఇళ్లూ పైకి లేచాయి, ఈ ఒక్కటే ఎందుకు లేవలేదని అడిగింది. ఆసక్తి లేకపోవడం వల్లా, వలస పోవడం వల్లా?

“నేనూ కట్టానమ్మా,” అంది సతుర్నినా.

“ఎక్కడ?”

ఆమె పిల్లను వెనక్కి తీసుకెళ్లి మలుపు చూపించింది. ఎండలో ఇటుకలు ఎర్రగా ఉన్నాయి. ఆ పిల్ల తెలివైనది, అర్థమైంది. కాస్త ఆలోచించి కాగితంలో ‘ఇతరములు’ దగ్గర టిక్కు పెట్టింది. ఆ పిల్లనేమీ అనకండి. ఇన్నేళ్లలో కొండెక్కి మా గుమ్మం దాకా వచ్చిందీ, కూర్చుని మా మాట విన్నదీ ఇలాంటి పిల్లలే. రావలసినవాళ్లకు వీళ్ల కాగితాలు దొరికాయి, ఇక రావలసిన అవసరం లేకుండా పోయింది.

“చివరి ప్రశ్నమ్మా,” అంది ఆ అమ్మాయి. “మీరు ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా?”

“చెప్పేదేం లేదు గానీ, ఈ కాగితం ఎవరు చదువుతారు తల్లీ?”

ఆ పిల్ల నిజాయితీపరురాలు. “మా ప్రొఫెసర్ గారు,” అంది.

“ఆయన దగ్గర సిమెంటు ఉంటుందా?”