గుంత లేని గని

మానవజాతి ఇన్ని వేల ఏళ్లుగా తవ్వి తవ్వి అలసిపోయినా, గని అంటే ఏమిటో మాత్రం తేల్చలేకపోయింది. ఆ ఘనత (గనత అన్నా తప్పులేదు) చివరికి బెంగళూరులోని నగర సూక్ష్మ గనుల ఆరోగ్య మండలికి దక్కింది. మండలి నిర్వచనం ప్రకారం గని అంటే గుంత. గుంత లేనిది గని కాదు. గని కానిచోట గని కార్మికుడు ఉండడు. లేని కార్మికుడికి జబ్బు రాదు. ఇంత తక్కువ మాటలతో ఇంతమంది రోగులను నయం చేసిన వైద్యుడు చరిత్రలో లేడు.

అలా నయమైపోయినవాళ్లలో నగర్తపేట ఆవులప్ప ఒకడు. కాకపోతే ఆ సంగతి అతని చేతులకు ఇంకా తెలియలేదు. అవి వణుకుతూనే ఉన్నాయి.

ఆవులప్పది మట్టి కడిగే పని. నగర్తపేట సందుల్లో నగలు చేసే చిన్న చిన్న అంగళ్లు ఉన్నాయి. అక్కడ ఆకురాయి కింద రాలిన బంగారపు రజను చీపురుకు చిక్కి వాకిట్లోకి, వాకిట్లోంచి కాలువలోకి చేరుతుంది. ఆవులప్ప పొద్దున్నే ఆ వాకిళ్లు ఊడ్చి, కాలువల్లో బురద ఎత్తి, ఇంటికి తెచ్చి తట్టలో కడుగుతాడు. మిగిలిన నల్ల ఇసుకలో పాదరసం పోసి చేత్తో పిసుకుతాడు. ఇసుకను వదిలేసి బంగారాన్ని మాత్రమే పట్టుకోవడం పాదరసానికి పుట్టుకతో వచ్చిన బుద్ధి (పెళ్లి సంబంధాలు చూసే కొందరు పెద్దలకూ ఇదే బుద్ధి). ఆ ముద్దను గుడ్డలో పిండి, మూకుట్లో వేసి పొయ్యి మీద పెడితే, పాదరసం ఆవిరైపోయి మెంతిగింజంత బంగారం మిగులుతుంది.

కాల్చేటప్పుడు అతని ఇంట్లో ఒక ఆచారం ఉంది. తలుపు మూయాలి, కిటికీ మూయాలి, ఫ్యాను ఆపాలి. గాలికి రజను ఎగిరిపోతుందని అతనికి తండ్రి చెప్పాడు, ఆ తండ్రికి ఆయన తండ్రి చెప్పాడు. ఉన్నది ఒకటే గది. అదే పొయ్యి మీద కోడలు అంబిక అన్నం వండుతుంది. అంబికకు ఇప్పుడు ఐదో నెల.

మొదట చెడింది ఆవులప్ప నోరు. ఏం తిన్నా ఇనుము నాకినట్టుండేది. "చారులో ఏమన్నా మేకులు వేసినావామ్మా?" అని కోడలిని కసురుకునేవాడు. తర్వాత నిద్ర పోయింది. ఆ తర్వాత చేతులు. (పాదరసం అని పేరేగానీ పట్టేది చేతుల్ని. పేరు పెట్టినవాడికి శరీరశాస్త్రం తెలియదు.) టీ గ్లాసు పట్టుకుంటే సగం అతను, సగం అతని చొక్కా తాగడం మొదలైంది. చివరికి అంబిక తన నెలల పరీక్షకు పెద్దాసుపత్రికి పోతూ మామను కూడా లాక్కుపోయింది.

డాక్టరమ్మ అతని చేతులు చూసి, పని ఏమిటని అడిగి, విన్నాక కలం కింద పెట్టింది. ఒంట్లోకి పాదరసం దిగినట్టుందని, ఇద్దరికీ మూత్ర పరీక్ష చేయాలని, అది కడుపులోని బిడ్డ దాకా పోతుందని చెప్పింది. ఆ పరీక్ష ఈ ఆసుపత్రిలో లేదట. గని కార్మికుల కార్డు ఉంటే మండలే ఆ కుటుంబం మొత్తానికీ చేయిస్తుందట, ఆవిరి బయటికి పోనివ్వని మూతపాత్ర కూడా ఇస్తుందట.

"నా ఒంట్లో పాదరసం యాడుండాది?" అన్నాడు ఆవులప్ప, బస్సులో. "కాల్చినప్పుడే ఆవిరైపోయె గదా. కండ్లారా చూస్తి."

"ఆవిరై యాడికి పోయింది మామా? తలుపు మూస్తివి, కిటికీ మూస్తివి. అది యాడినించి పోవల్ల?"

మూడు తరాల పనిలో ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు.

కార్డు కోసం మండలివారి 'గనిమిత్ర' యాప్ ఉంది. (కనిపించని మిత్రుడు. సగంలో మాయమవుతాడు.) అది అడిగిన మొదటి ప్రశ్న, మీ గని లోతు ఎంత? అంబిక నిజాయితీగా కాలువ లోతు రెండడుగులని కొట్టింది. యాప్ కాసేపు ఆలోచించి, "మీరు ఇంకా గనిని చేరుకోలేదు. దయచేసి తవ్వకం కొనసాగించండి" అంది.

ఇక తప్పక ఇద్దరూ నగరం ఆ చివరనున్న హూడి హడావుడిలో పడ్డారు. మండలి కార్యాలయం అక్కడ ఏడో అంతస్తులో ఉంది. భూగర్భ వ్యవహారాలు కాస్త ఎత్తు నుంచి చూస్తేనే స్పష్టంగా కనబడతాయట. గాలి విభాగం పరిశీలనాధికారి హేమంత్‌కుమార్ మంచి మనిషి. కుర్చీ చూపించాడు, నీళ్లిచ్చాడు. ఆవులప్ప చేతిలో గ్లాసు చేసిన సద్దుకు ఫోను మోగిందనుకుని జేబు తడుముకున్నాడు.

"స్వల్ప గుంత చూపించండప్పా, కార్డు ఇచ్చేస్తాను."

"గుంతకేమి సార్, మా వీధి మొగదల ఆటో పట్టేంత గుంత ఉండాది."

"అది రోడ్లవాళ్ల గుంత. మనం ముట్టుకోకూడదు."

"కాలువ సార్?" అంది అంబిక.

"కాలువలో పాదరసం పడితే నీళ్ల విభాగమమ్మా. అది చెరువుకు పొయ్యి చేప మింగితే చేపల విభాగం. గాలిలోకి లేస్తే నేను."

"మా మామ ఒంట్లోకి పోతే?"

హేమంత్‌కుమార్ నిబంధనల పుస్తకం ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు తిప్పాడు. "ఒంటికి ఇంకా విభాగం మంజూరు కాలేదు. ఫైలు కదులుతా ఉంది." (పాదరసం ఫైలు కదా. కదలడమే గానీ చేతికి చిక్కడం ఉండదు.)

అయినా మంచి మనిషి కాబట్టి పద్నాలుగో నిబంధన వెతికి పట్టాడు. ఇంటి గాలిలో పాదరసం తేలితే ఆ ఇంటినే గనిగా ప్రకటించవచ్చు. మిషను తెచ్చి కొలుస్తాడు. ముల్లు ఎర్రగీత దాటితే అక్కడికక్కడే కార్డు.

ఆ విధంగా, తమ ఇంటి గాలి విషమని తేలాలని దేవుడికి టెంకాయ కొట్టిన మొదటి కుటుంబం బెంగళూరులో ఏర్పడింది. పరిశీలన రోజున అంబికను పక్కవీధి అక్కయమ్మ ఇంటికి పంపేసి, ఆవులప్ప తలుపు, కిటికీ బిగించి, ఫ్యాను ఆపి, దాచిపెట్టిన ముద్దను పొయ్యి మీద పెట్టాడు. నలభై ఏళ్లలో ఇంత శ్రద్ధగా ఎన్నడూ కాల్చలేదు.

హేమంత్‌కుమార్ వచ్చాడు. మూతికి గొట్టాల మాస్కు, చేతులకు గ్లౌజులు. గడప బయటే ఆగిపోయాడు.

"పొయ్యి ఆర్పండప్పా! ఉద్యోగి భద్రత రూలుంది. కొలిచే ముందు పని ఆపల్ల. తలుపులు తీసి, రెండు గంటలు ఫ్యాను వెయ్యల్ల."

"అట్లయితే మిషనులో ఏం తేల్తుంది సార్?"

"ఏం తేల్తుందో చూసేదానికే గదా వచ్చింది. సుమ్నే, ఊరికే తకరారు వద్దు."

రెండు గంటలు మూడు తరాల ఆచారం తిరగబడింది. ఇల్లంతా గాలి ఆడింది. కబురందిన అంబిక పరుగున వచ్చేసరికి హేమంత్‌కుమార్ వీధి చివర టీ తాగి, మాస్కు బిగించుకుని లోపలికి పోతున్నాడు. మిషను పెట్టాడు. ముల్లు ఎర్రగీత వైపు తొంగి కూడా చూడలేదు.

"ఇప్పుడు కాలుస్తా, పెట్టండి సార్ మిషను!" అన్నాడు ఆవులప్ప.

"అయ్యయ్యో, ఉద్యోగి ప్రాణానికి హాని!"

"మరి మా ప్రాణానికి?" అంది అంబిక, కడుపు మీద చెయ్యి వేసుకుని.

"మీరు ఉద్యోగులు కాదు గదమ్మా. కార్మికులు అవునా కాదా అనేది చూసేదానికే వచ్చినాను. కాదని తేలిపోయె."

చెప్పి ఊరుకోలేదు. సంచిలోంచి నిగనిగలాడే రేకు పలక ఒకటి తీశాడు. దాని మీద 'పాదరస రహిత గృహం' అని కన్నడంలో, ఇంగ్లీషులో ఉంది. ఇలాంటి ఇంట్లో వాళ్లకు పరీక్ష అవసరం ఉండదని, మూతపాత్ర వృథా అని మృదువుగా వివరించాడు. తక్కిందల్లా ఒక్కటే. లబ్ధిదారు ఆ పలకను రెండు చేతులా పట్టుకున్న ఫోటో యాప్‌లోకి ఎక్కాలి.

ఆవులప్ప పట్టుకున్నాడు. పలక గలగలా మోగింది. ఫోటో మసకగా ఉందని యాప్ తిప్పి కొట్టింది. రెండోసారి ఊపిరి బిగపట్టాడు, పలక ఇంకా మోగింది. మూడోసారి అంబిక వెనక నుంచి అతని మోచేతులు పట్టుకుంది. ఈసారి ఆమె చేతులూ వాటంతటవే కదిలాయి. ఫోటో మసకగా ఎందుకుందో కారణం రాయమని యాప్ ఒక గడి తెరిచింది.

హేమంత్‌కుమార్ ఒక నిమిషం ఇద్దరినీ దయగా చూశాడు. గ్లౌజు తీసి, తప్పుల్లేకుండా, నెమ్మదిగా కొట్టాడు: "లబ్ధిదారు కుటుంబం ఆనందంతో వణికిపోతోంది."

యాప్ వెంటనే ఆమోదించింది.