వకుళ అనుమానం

మనుషులను కూడా వడపోసి లోపలికి పంపడం మొదలుపెట్టిన నెలలోనే, కంటి చుక్కల కంపెనీలో నాణ్యత అధికారిగా పనిచేస్తున్న వకుళ అనుమానం ఫిల్టర్ పొర మీద చిక్కుకుని బయటే ఉండిపోయింది.

కంపెనీ హైదరాబాదు శివార్లలోని పారిశ్రామికవాడలో ఉంది. మందును, నీటిని, గాలిని వడపోయడం అక్కడ ముందునుంచీ ఉన్నదే. అయితే శుభ్రమైన గదిలోకి క్రిములు ఎక్కువగా చేరేది మనుషుల వల్లనేనని తనిఖీకి వచ్చిన విదేశీ బృందం తేల్చి చెప్పింది. ఫిల్టర్లు అమ్మే సంస్థ వెంటనే మనిషి పట్టేంత ఫిల్టర్ తయారుచేసి ఇచ్చింది. ఉద్యోగి గౌను తొడుక్కుని పొరకు ఎదురుగా నిలబడితే వెనక నుంచి గాలి మెల్లగా నెడుతుంది. కాస్త చక్కిలిగింత పెట్టినట్టుంటుంది, అంతే. అవతల తేలిన మనిషిలో ఆ పొర రంధ్రాల కంటే పెద్దదేదీ మిగలదు.

దుమ్ము, చుండ్రు ఆగుతాయనుకున్నారు. ఆగాయి. వాటితోపాటు ఒకరి మోకాలి నొప్పి, ఇంకొకరికి గుర్తున్న చిన్ననాటి స్నేహితుడి పేరు, మిషన్ ఆపరేటర్ జంగయ్య ఈలపాట కూడా ఆగాయి. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. నొప్పి పోయినాయన మిఠాయిలు పంచాడు. నిబంధనల ప్రకారం పొర మీద మిగిలినవన్నీ వ్యర్థాలే; పసుపు సంచుల్లో కట్టి కాల్చడానికి పంపాలి. ఉన్న ఇబ్బందల్లా పొర త్వరగా పూడుకుపోవడమే. ముఖ్యంగా కొత్తగా చేరిన ఉద్యోగుల వల్ల.

అనుమానించడమే వకుళ ఉద్యోగం. ప్రతి బ్యాచ్ మందునూ కొంచెం గాజు పళ్లెంలో పోసి, వెచ్చగా ఉంచి, అందులో ఏమైనా మొలుస్తుందేమోనని చూసేది. ఇంట్లోనూ అంతే. గ్యాస్ కట్టేశానో లేదోనని దిగిన మెట్లు మళ్లీ ఎక్కేది. బడికి బయల్దేరిన కొడుకు రిత్విక్ సంచి రెండుసార్లు విప్పి చూసేది. ఇప్పుడు అవన్నీ మానేసింది. భర్త వీరేశం సంతోషించాడు.

"ఇప్పుడు నిమ్మళంగ ఉన్నవ్. ఆ మిషనేదో మన పెండ్లప్పుడే వచ్చుంటే మంచిగుండు," అన్నాడు.

ఆమెకు మాత్రం నిమ్మళంగా లేదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎందుకు లేచిందో తెలిసేది కాదు. గదుల్లో అటూ ఇటూ తిరిగేది. ఏదో పోగొట్టుకున్నట్టు ఉండేది కానీ, ఫలానాది అని చెప్పలేకపోయేది.

ఒకరోజు పళ్లెంలో ఆకుపచ్చ మచ్చ మొలిచింది. వకుళ దాన్ని చూసింది. గుండ్రంగా, ముచ్చటగా ఉంది. ఇలాంటిది కనిపిస్తే ఒకప్పుడు తన లోపల ఏదో దిగ్గున లేచేదని జ్ఞాపకం ఉంది. ఇప్పుడు ఏదీ లేవలేదు. బ్యాచ్ బాగుందని సంతకం పెట్టింది. పెట్టిన తర్వాత కూడా ఆ పళ్లెం ముందు నుంచి కదల్లేకపోయింది. లేవాల్సినదేదో పొర మీదే ఆగిపోయి ఉంటుందని తోచి, గౌను విప్పేసి నేరుగా వ్యర్థాల గదికి నడిచింది. అక్కడ సంచులు కట్టే సత్తెమ్మ ఉంది.

"సత్తెమ్మా, నాదేమన్నా ఉందా ఇక్కడ?"

"ఉన్నది మేడం. అన్నిట్ల మీ సంచే బరువు. బండి ఇంక రాలే. ఇంటికి తీస్కపోతరా?"

"లేదు, ఇక్కడే."

వకుళ సంచి విప్పి అనుమానాన్ని గుండెకు అదుముకుంది. అది లోపలికి దిగగానే లోపల ఏదో దిగ్గున లేచింది. ఆ మచ్చ మందులో పెరిగిన క్రిములేనని అర్థమైంది. అలాంటి మందు కంట్లో పడితే చూపే పోవచ్చు. పరుగెత్తుకెళ్లి ఫిల్టర్ ముందు ఆగిపోయింది. లోపలికి వెళ్తే అనుమానం మళ్లీ పొర మీదే మిగిలిపోతుంది. గది అద్దం మీద దబదబా కొట్టింది. లోపల జంగయ్య నవ్వుతూ చేయి ఊపి, సీసాలకు మూతలు బిగిస్తూనే ఉన్నాడు.

ప్లాంట్ హెడ్ విద్యాసాగర్ ఆమె చెప్పేదంతా ఓపిగ్గా విన్నాడు. ఆయన కూడా రోజూ ఫిల్టర్ లోంచి వెళ్లివచ్చేవాడే.

"బ్యాచ్ ఆపండి సార్. పిల్లల కళ్లు పోతాయి."

"మీరే కదమ్మా సంతకం పెట్టారు?"

"అప్పుడు నాకు అనుమానం లేదు సార్!"

"నేననేదీ అదే. లోపల అనుమానం లేదు. ఇప్పుడు మీకున్నది బయటి అనుమానం. బయట దుమ్ముందని లోపలి మందు పారబోస్తామా?"

వకుళ గేటు దగ్గర, ఆ బ్యాచ్ తీసుకెళ్తున్న లారీకి అడ్డంగా నిలబడింది. సెక్యూరిటీ వాళ్లు ఆమెను గౌరవంగా పక్కకు తీసుకెళ్లి, కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చారు. లారీ వెళ్లిపోయింది.

ఆమెను ఉద్యోగంలోంచి తీసేయలేదు. తర్వాతి తనిఖీలో విదేశీ బృందం, కంపెనీలో అనుమానానికి ఏర్పాటు ఏముందని అడిగింది. గేటు బయట అద్దాల గది కట్టి, వకుళను బయటి అనుమానాల అధికారిగా నియమించి చూపించారు. బృందం మెచ్చుకుంది. ఆమె రోజూ తన అనుమానాలు చెప్పేది. విద్యాసాగర్ రోజూ ధన్యవాదాలు చెప్పేవాడు. అనుమానాన్ని కూడా బయటే ఆపుతామంటూ ఫిల్టర్ల సంస్థ ఆమె ఫోటోను తమ ప్రకటనలో వేసుకుంది. దాంతో గిరాకీ ఇంకా పెరిగింది. మిగతా మందుల కంపెనీలు కొన్నాయి, ఆసుపత్రులు కొన్నాయి. కొన్ని బడులు కూడా ధర కనుక్కుంటున్నాయని వినికిడి.

వానలు మొదలయ్యాక ఊరంతా కళ్లకలక వచ్చింది. రిత్విక్ కళ్లు ఎర్రబడి, పుసితో రెప్పలు అంటుకుపోయాయి. ఇంటి ఎదురుగా ఉన్న మెడికల్ షాపుకు వకుళ పరుగెత్తింది. షాపతను తీసి ఇచ్చింది ఆమె కంపెనీ మందే.

"వేరే కంపెనీది ఇవ్వన్నా."

"ఏదైనా ఒక్కటేనమ్మా. అందరూ ఆ ఫిల్టర్లే పెట్టిన్రు. ఏది గావాలె?"

ఇంట్లో కొడుకు తలను ఒడిలో పెట్టుకుని మూత తీసింది. సీసా వంచి, మళ్లీ నిలబెట్టింది. మళ్లీ వంచింది. ఆమె అనుమానం చెక్కుచెదరకుండా అలాగే ఉంది. చేతిలో ఉన్న మందు మాత్రం అదొక్కటే.

"మండుతున్నయ్ మమ్మీ, జల్ది ఎయ్యి," అన్నాడు రిత్విక్, వేళ్లతో రెప్పలు విప్పి పట్టుకుని.

ఊళ్లో మిగతా తల్లుల్లాగే వకుళ కూడా, ఒక్కో కంట్లో రెండేసి చుక్కలు వేసింది.