అడ్డం ఏడుపై దండయాత్ర

సర్వలోకములను నలుపు తెలుపు గళ్ళుగా గీసి, మనలో కొందరిని అడ్డముగను కొందరిని నిలువుగను నిలిపిన బలిఘట్టం శివయ్యకు మ్రొక్కి, ప్రశ్నలు నేడిచ్చి జవాబులు మరునాటికి దాచు దినపత్రికకు సైతము ఒక నమస్కారము పెట్టి, మొన్న సోమవారము ఉదయమున నర్సీపట్నమందు చెలరేగిన మహాసంగ్రామమును చెప్పెదను.

ఆ పత్రిక ఇరుపక్షములవారును ఎదుటిపక్షపుదని తిట్టుచు, ఇరుపక్షములవారును చందా కట్టి చదువునది. అందలి గళ్ళనుడికట్టే అప్పలనరసమ్మగారికి నిత్యానందము. సోమవారపు ఉపవాసదినమున దీపారాధన ముగిసిన పిదప ఆమెకు ఫలహారమైనను అదియే. పెన్సిలు చేబూని ఒక్కొక్క కోటను గెలుచుచు, కడకు అడ్డం ఏడు వద్దకు చేరెను. గళ్ళు నాలుగు. ఆధారము: ‘ఎవరేం చెప్పినా తల ఊపుతుంది.’

అంతలో ఆమె భుజము మీదుగా తొంగిచూచిన భర్త, విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి, ఓడిన పార్టీకి ఓడని భక్తుడు సోమసుందరంగారు ప్రళయకాలరుద్రునివలె కన్నెర్రజేసి యిట్లు గర్జించిరి:

“ఆ పెన్సిలు దించుము! ఇది మా నాయకునిపై విడిచిన విషబాణము. ఆ నాలుగు గళ్ళును మన నిరసనగా ఖాళీగానే ఉండవలె. రేపటినుండి ఈ పత్రిక మన గడప తొక్కరాదు.”

“మరి రేపట్నుంచి నేను మీ గళ్ళలుంగీ మీద రాసుకోవాలేటండి?” అనెను అప్పలనరసమ్మగారు.

వీరుడు వినలేదు. వీధి చివరవరకు సైకిలు తొక్కిపోయిన పేపర్ల మత్స్యరాజును ఫోనుచేసి వెనుకకు రప్పించి పత్రిక మానివేయుమని ఆజ్ఞాపించెను.

“ఆపేత్తాను బాబూ. ఎదురింటి సిట్టిరాజుగోరూ ఇప్పుడే ఆపీమన్నారండి. గెలిసిన ఆళ్ళ పార్టీ మీద పేపరోళ్ళ ఏడుపంట. ఆ తల ఊపేది ఆళ్ళ నాయకుడేనంట.”

సోమసుందరంగారి పౌరుషము సముద్రమై పొంగెను. “వాళ్ళ నాయకుడా? వాడికంత యోగ్యత ఎక్కడిది? తల ఊపడంలో మా నాయకుడి ముందు ఎవడు నిలబడతాడు?”

మత్స్యరాజు సైకిలు గంటను తుడుచుకొనుచు నేలచూపు చూచెను.

“అందులో ఎవరి పేరూ లేదు కదండీ,” అనెను అప్పలనరసమ్మగారు నెమ్మదిగా. “సదవగానే మీకు ఆయనే ఎందుకు గుర్తొచ్చారు?”

రెవెన్యూ కార్యాలయమున ఎన్నడును సమాధానమునకు తడుముకొనని ఆ మహావక్త కండువా సవరించుకొనసాగెను.

“పేపరు రానిద్దామేటండి?”

సోమసుందరంగారు తల ఊపిరి.

“నేను నింపేసుకోనా?”

మరల ఊపిరి.

ఆ సాధ్వి ఆయనవంక ఒక్కక్షణము చూచి, నాలుగు గళ్ళలోను ‘గంగిరెద్దు’ అని వ్రాసెను. దానిని దాటిపోవు నిలువు పదములన్నియు సరిపోయెను.

ఇట్లు నర్సీపట్నమున అడ్డం ఏడు జయింపబడెను. ఆ నుడికట్టు కూర్చినవానిది ఏ పార్టీయో నేనెరుగను, శివయ్యకే ఎరుక. ఎద్దుకు మాత్రము ఓటు లేదు.